ఆ మిగులు బలం ఎవరిది?



కొత్త కారు కొన్న ఇళ్లలో ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. కారు ఇంటికొచ్చి ఆరు నెలలు కూడా తిరగవు. ఇంజనీరింగ్ చదివే కొడుకు వచ్చి, "నాన్నా, కారు రీమ్యాప్ చేయిద్దాం, పికప్ అదిరిపోతుంది" అంటాడు. "కొత్త బండికి రిపేరేంట్రా?" అంటాడు తండ్రి. "రిపేరు కాదు నాన్నా. ఇంజన్లో ఇంకా బోలెడు బలం ఉంది. కంపెనీ వాళ్లు దాన్ని తొక్కిపెట్టి అమ్ముతారు. ల్యాప్‌టాప్ తగిలించి బయటికి తీయడమే. పూట పని."

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఒక్క మాట గురించే. కంపెనీ వాళ్లు బలం తొక్కిపెట్టారన్న మాట. అందులో నిజం లేకపోలేదు. ఇంజన్లో మిగులు బలం ఉన్నమాట వాస్తవం. మరి ఆ మిగులు ఎవరిది? ఎవరి కోసం అట్టేపెట్టారు? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని వినండి. మధ్యమధ్య నేనే గుర్తుచేస్తుంటాను.

ముందు అసలు రీమ్యాప్ అంటే ఏమిటో చూద్దాం.

మీలో పెద్దవాళ్లకి అంబాసిడర్, పద్మినీ కార్లు గుర్తుండే ఉంటాయి. బండి లాగడం లేదంటే మెకానిక్ బానెట్ ఎత్తేవాడు. స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ మీద చిన్న స్క్రూని అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు తిప్పేవాడు. చెవి ఒగ్గి ఇంజన్ చప్పుడు వినేవాడు. గాలిలో పెట్రోలు ఎంత కలవాలో కార్బురేటర్ చూసుకునేది. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో డిస్ట్రిబ్యూటర్ చూసుకునేది. దాన్ని కూడా చేత్తోనే కాస్త తిప్పి బిగించేవాడు. ట్యూనింగ్ అంటే అప్పట్లో అదే.

ఈ రెండు పనులనూ కలిపి ఒక చిన్న కంప్యూటర్‌కి అప్పజెప్పింది జర్మనీకి చెందిన బాష్ కంపెనీ. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ అనే కారులో ఆ ఏర్పాటు వచ్చింది. దాని పేరు మోట్రానిక్. మన రోడ్ల మీదికి ఈ పద్ధతి 2000 ప్రాంతంలో బాగా పాకింది. మారుతీ కార్ల వెనక అద్దం మీద ఎంపీఎఫ్ఐ అన్న అక్షరాలు చూసే ఉంటారు. ఆ అక్షరాలు వచ్చాక స్క్రూడ్రైవర్ పని తగ్గిపోయింది.

ఆ కంప్యూటర్‌నే ఇప్పుడు ఈసీయూ అంటున్నాం. ఇంజన్ కంట్రోల్ యూనిట్. చూడ్డానికి ఒక చిన్న అల్యూమినియం డబ్బా. ఇంజన్ చుట్టూ ఉన్న సెన్సర్లు దానికి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. లోపలికి వస్తున్న గాలి ఎంత, నీళ్ల వేడి ఎంత, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, మీ కాలు యాక్సిలరేటర్‌ని ఎంత తొక్కింది, ఇలాంటి కబుర్లు. వాటిని బట్టి అది ఆజ్ఞలు ఇస్తుంది. ఇంత పెట్రోలు చిమ్ము. ఇప్పుడు నిప్పురవ్వ వెయ్యి. టర్బో ఇంత గాలి నెట్టాలి.

మరి దానికి ఎలా తెలుస్తుంది, ఎంత చిమ్మాలో, ఎప్పుడు వెయ్యాలో? డబ్బాలో పట్టికలు ఉంటాయి. గళ్ల పట్టికలు. ఒక వైపు ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఉంటుంది. ఇంకో వైపు ఇంజన్ మీద ఎంత బరువు పడుతోందో ఉంటుంది. రెండూ కలిసే గడిలో ఒక అంకె. మీరు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారు, ఇంజన్ 2500 చుట్లు తిరుగుతోంది, కాలు సగానికి పైగా తొక్కి ఉంది. ఈసీయూ ఆ గడి దగ్గరికి వెళ్లి, ఆ అంకె తీసుకుని, ఆ పని చేస్తుంది. సెకనులో వందో వంతు గడిచేలోపే ఇంకో గడికి వెళ్లిపోతుంది. ఇలాంటి పట్టికలు ఒకటి రెండు కాదు, బోలెడు. ఒక్కో పట్టికని మ్యాప్ అంటారు. ఆ మ్యాప్‌లో అంకెలు మార్చడమే రీమ్యాప్.

మరోసారి చెబుతాను. రీమ్యాప్‌లో కొత్త సామాను ఏమీ బిగించరు. ఇంజన్ బోల్టు ఒక్కటి విప్పరు. అంకెలు మారుస్తారు, అంతే.

ఆ పని జరిగే చోటికి ఒకసారి వెళ్దాం. షెడ్డులో కారు పెట్టారు. స్టీరింగ్ కింద, మీ మోకాలికి దగ్గరగా, పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఓబీడీ పోర్టు అంటారు. సర్వీస్ సెంటర్ వాళ్లు తప్పులు చదివేదీ అక్కడి నుంచే. ట్యూనర్ ముందు బ్యాటరీకి చార్జర్ తగిలిస్తాడు. ఎందుకంటే రాస్తున్న మధ్యలో కరెంటు పడిపోతే ఈసీయూ సగం పాత రాత, సగం కొత్త రాతతో ఆగిపోతుంది. ఇక బండి స్టార్ట్ కాదు. తర్వాత కేబుల్ పెట్టి పాత ఫైలు చదివి దాచుకుంటాడు. అందులో అంకెలు మారుస్తాడు, లేదా ఎక్కడో ఉన్న ఇంకొకరికి పంపి మార్పించి తెప్పిస్తాడు. కొత్త ఫైలు ఎక్కిస్తాడు. కొన్ని నిమిషాల సేపు డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగి ఆరుతుంటాయి. తర్వాత తాళం తిప్పి, "రౌండేసి రండి సార్" అంటాడు.

రౌండ్ వేసి వచ్చిన మనిషి మొహం వెలిగిపోతుంది. అందులో అబద్ధం లేదు. టర్బో ఉన్న ఇంజన్ అయితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. టర్బో నెట్టే గాలి పెంచవచ్చు, దానికి తగ్గట్టు ఇంధనం పెంచవచ్చు. బలం 20 శాతమో, ఇంకాస్త పైనో పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో లారీని దాటాలంటే ఇదివరకు గేరు తగ్గించాల్సి వచ్చేది. ఇప్పుడు కాలు వేస్తే చాలు. టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజన్‌లో మాత్రం పెరిగేది నామమాత్రం. గాలి పెంచే మార్గమే లేనప్పుడు అంకెలు మార్చి ఏం లాభం? ఇంజన్‌లో టర్బో లేని వాళ్లు ఈ పనికి డబ్బు తగలెయ్యకండి. ఇది మొదటి మాట.

ఇక టర్బో ఉన్నవాళ్ల దగ్గరికి వద్దాం. 20 శాతం బలం అక్కడ ఉందని తేలింది కదా. మరి కంపెనీ వాళ్లకి అది తెలియదా? తెలిసి ఎందుకు వదిలేశారు?

మన పల్లెల్లో పెళ్లి వంట చేసేవాణ్ణి అడగండి. ఐదు వందల మందికి పిలుపులు వెళ్లాయంటే ఆరు వందల మందికి బియ్యం పోస్తాడు. తొలి బంతిలో కూర్చున్నవాళ్లకి గుండిగ నిండా అన్నం కనబడుతుంది. ఎవరి కోసం ఇంత అట్టేపెట్టారు, మాకే వడ్డించెయ్యండి అని వాళ్లు అడగొచ్చు. కానీ ఆఖరి బంతికి ఎవరొస్తారో వంటవాడికి తెలియదు. తెలియదు గనకే అట్టేపెట్టాడు.

ఇంజన్ మిగులు కూడా అదే లెక్క. రేపు ఏం ఎదురవుతుందో కంపెనీకి తెలియదు. ఒకే మోడల్ కారు, ఒకే అంకెలతో, దేశమంతా తిరగాలి. మే నెలలో రెంటచింతల ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడాలి. డిసెంబరులో లంబసింగిలో తెల్లవారుజామున ఒక్క తాళానికి స్టార్ట్ కావాలి. గాలి పలచబడ్డ లేహ్ కొండల మీద కూడా లాగాలి. ఏ బంకులో ఏ పెట్రోలు పోయిస్తారో తెలియదు. ఇప్పుడు మన పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు. పాతదీ కొత్తదీ రెంటినీ తట్టుకోవాలి. యజమాని ఆయిల్ సమయానికి మారుస్తాడో లేదో తెలియదు. ఎయిర్ ఫిల్టర్ మట్టి కొట్టుకుపోయినా పట్టించుకోకపోవచ్చు. వీటన్నిటికీ కలిపి అట్టేపెట్టిందే ఆ మిగులు.

అయితే ఆ మిగులులో ఎవరెవరి వాటా ఉంది? ముఖ్యంగా మూడు వాటాలు చెబుతాను. ఎండది ఒకటి. గేర్‌బాక్సుది ఒకటి. ఊరి గాలిది ఒకటి.

మొదటిది, ఎండ. పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ పడ్డాక మంట ఒక చోట మొదలై సిలిండరంతా పాకాలి. అది సజావుగా పాకితే పిస్టన్‌ని తోస్తుంది. లోపల వేడి, ఒత్తిడి హద్దు మీరితే మంట చేరకముందే మిగిలిన మిశ్రమం దానంతట అదే భగ్గున అంటుకుంటుంది. అది పిస్టన్‌ని తోయదు, కొడుతుంది. టకటకమని చప్పుడు వస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. నిప్పురవ్వ ముందుగా వేసినా, టర్బో గాలి పెంచినా, ఎండ మండినా, పెట్రోలు నాసిగా ఉన్నా నాకింగ్‌కి దగ్గరవుతాం. రీమ్యాప్‌లో పెంచేవి సరిగ్గా ఆ మొదటి రెండే. పైన ఎండ, నాసి పెట్రోలు కూడా తోడైతే ఇక జాగా ఎక్కడుంది?

ఇంజన్‌కి తగిలించిన నాక్ సెన్సర్ ఆ చప్పుడు వినగానే ఈసీయూ వెనక్కి తగ్గుతుంది. నిప్పురవ్వని ఆలస్యం చేస్తుంది. బలం పడిపోతుంది. అందుకే జనవరి చలిలో రీమ్యాప్ చేయించుకుని సంబరపడిన వ్యక్తి మే నెలలో, "అదేంటి, పికప్ పోయింది" అంటాడు. పోలేదు. ఎండ తన వాటా తను తీసుకుంది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. మనలో చాలామందికి ఒక అలవాటు. మైలేజ్ కోసం గేరు తగ్గించకుండా, టాప్ గేర్‌లోనే, ఇంజన్ మూలుగుతున్నా కాలు పూర్తిగా తొక్కి లాగిస్తాం. ఇప్పటి చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో, పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకంలో, ఆ స్థితిలో నిప్పురవ్వ పడకముందే మిశ్రమం అంటుకునే వీలుంది. తక్కువ వేగం, ఎక్కువ గాలి. ఆ దెబ్బ మామూలు నాకింగ్ కన్నా ఎన్నో రెట్లు గట్టిది. పిస్టన్ రింగుల దగ్గర విరిగే ప్రమాదముంది. కంపెనీ వాళ్లు ఆ కొద్ది చుట్ల దగ్గర కావాలనే టర్బో గాలి తగ్గించి ఉంచుతారు. సరిగ్గా అక్కడే గాలి పెంచితే రౌండ్ వేసినప్పుడు అదిరిపోయినట్టు ఉంటుంది. ఇంజన్‌కి అక్కడే కీడు. కాబట్టి రీమ్యాప్ చేసిన బండైనా, చేయని బండైనా, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించండి.

రెండో వాటా గేర్‌బాక్సుది. ఇంజన్ ఎంత తిప్పితే అంత తట్టుకోవాల్సింది క్లచ్, గేర్‌బాక్సు. ఆ తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఒక ఉదాహరణ చెబుతాను. ఇందులో అంకె ఒకటే, గుర్తుపెట్టుకోవడం తేలిక. స్కోడా కుషాక్, వోక్స్‌వ్యాగన్ టైగున్ లాంటి కార్లలో ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ వచ్చింది. దాని టార్క్ 250 న్యూటన్ మీటర్లు. దానికి జతచేసిన, రెండు పొడి క్లచ్‌లుండే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎంతవరకు తట్టుకుంటుందని రూపొందించారు? అది కూడా 250. ఇంజన్ ఇచ్చేది 250. గేర్‌బాక్సు పట్టేది 250. ఇంజన్ ఇంకా ఇవ్వగలదు, నిజమే. అక్కడ ఆపింది గేర్‌బాక్సు కోసం. రీమ్యాప్ చేసి 300 దాటించారనుకోండి. మర్నాడే విరిగిపోతుందని నేను అనను. కానీ క్లచ్ జారడం మొదలైతే దాని ఖరీదు రీమ్యాప్ ఖర్చుకి ఎన్నో రెట్లు.

ఇక్కడ ట్యూనర్లు ఒక వాదన తెస్తారు. "సార్, ఒకే ఇంజన్‌ని కంపెనీ వాళ్లే రెండు రకాల బలాలతో అమ్ముతారు. తేడా అంతా సాఫ్ట్‌వేరే." కొన్ని కార్ల విషయంలో ఇది నిజమే. అన్నిట్లో కాదు. ఫియట్ నుంచి వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ మనందరికీ తెలిసిందే. మారుతీ స్విఫ్ట్‌లో అది 75 హార్స్‌పవర్ ఇచ్చేది. అదే ఇంజన్ ఎర్టిగాలో 90 ఇచ్చేది. బయటికి చూస్తే అదే ఇంజన్. లోపల టర్బో వేరు. ఎర్టిగాలో టర్బో రెక్కలు వేగాన్ని బట్టి కోణం మార్చుకునే రకం. అంకెలు మారిస్తే రెక్కలు మొలవవు కదా. కాబట్టి ఒకే ఇంజన్ అన్న మాట వినగానే నమ్మేయకండి. టర్బో అదేనా, క్లచ్ అదేనా, రేడియేటర్ అదేనా అని అడగండి.

మళ్లీ మన ప్రశ్న. ఆ మిగులు బలం ఎవరిది? కొంత ఎండది. కొంత గేర్‌బాక్సుది. మూడో వాటా ఉందన్నాను. అది ఊరి గాలిది. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను. మొదటి రెండూ మీ జేబుకి సంబంధించినవి. ఇది పక్కవాళ్ల ఊపిరికి సంబంధించింది.

ఈసీయూలో అంకెలు మారిస్తే పొగ ఎంత మారుతుందో లోకానికంతటికీ తెలిసిన సంగతి ఒకటుంది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ వోక్స్‌వ్యాగన్ కంపెనీకి నోటీసు ఇచ్చింది. వాళ్ల డీజిల్ కార్లలో సాఫ్ట్‌వేర్ ఒక పని చేస్తోంది. స్టీరింగ్ తిరుగుతోందా, బండి ఎంతసేపు ఎంత వేగంతో నడుస్తోంది, ఇవన్నీ చూసి, ఇది ప్రయోగశాలలో జరుగుతున్న పరీక్ష అని పసిగట్టేది. పరీక్ష అయితే విషవాయువుల్ని అదుపులో పెట్టేది. రోడ్డెక్కగానే వదిలేసేది. ప్రపంచమంతటా దాదాపు కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీ ఒప్పుకుంది. మన దేశంలోనూ ఆ ఇంజన్లున్న మూడు లక్షలకు పైగా కార్లను సరిచేయడానికి వెనక్కి పిలుస్తామని అదే ఏడాది డిసెంబరులో ప్రకటించింది. ఆ సరిచేయడంలో ముఖ్యమైన భాగం ఏమిటో తెలుసా? కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం. అంటే కంపెనీ చేసిన తప్పు అంకెల్లోనే. దిద్దుబాటు కూడా చాలావరకు అంకెల్లోనే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 అనే కాలుష్య నిబంధనలు వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి ఇంకో మెట్టు ఎక్కి, ప్రయోగశాలలోనే కాక నిజమైన రోడ్డు మీద నడిపి కూడా పొగ కొలుస్తున్నారు. బీఎస్ 6 డీజిల్ కారు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది అప్పుడప్పుడు బాగా వేడెక్కించి కాల్చేసుకుంటుంది. అందుకే బీఎస్ 6 డీజిల్ కారు సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూస్తే పాత బండిలా నల్లగా అంటదు.

రీమ్యాప్‌లో డీజిల్ ఎక్కువ చిమ్మించారనుకోండి. అది పూర్తిగా కాలడానికి సరిపడా గాలి లేకపోతే మసి పెరుగుతుంది. ఫిల్టర్ మాటిమాటికీ నిండుతుంది. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఊళ్లో తిరిగే బండికి మసి కాల్చుకునే వ్యవధి దొరకదు. మళ్లీ అదే షెడ్డుకి వెళ్తే, "ఫిల్టర్ తీసేద్దాం సార్, సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేసేస్తే లైటు కూడా రాదు" అంటారు. గమనించారా? మొదటి పని పికప్ కోసం. రెండో పని మొదటి పని తెచ్చిన తంటా కోసం. అక్కడితో మీ కారు బీఎస్ 6 కారు కాకుండా పోయింది. స్కూలు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డ పిల్లలు ఆ మసి పీలుస్తారు.

"మరి మా కారు పొల్యూషన్ సర్టిఫికెట్ పాసయిందిగా" అనవచ్చు మీరు. పెట్రోలు కారుకి ఆ పరీక్ష నిలబడి ఉన్న బండి మీద చేస్తారు. రీమ్యాప్‌లో పెంచిన అంకెలు ఎక్కువగా పనిచేసేది కాలు గట్టిగా తొక్కినప్పుడు. నిలబడ్డ బండిలో ఆ గడుల దాకా ఈసీయూ వెళ్లనే వెళ్లదు. కాబట్టి ఆ సర్టిఫికెట్ రీమ్యాప్‌కి మంచి మార్కులు వేసినట్టు కాదు.

మూడు వాటాలూ అయ్యాయి. ఎండ, గేర్‌బాక్సు, ఊరి గాలి. ఇక కాగితాల సంగతి. ఇది క్లుప్తంగా చెబుతాను గానీ శ్రద్ధగా వినండి.

మొదట వారంటీ. అది పోతుందేమో అంటే ట్యూనర్లు, పాత ఫైలు దాచి ఉంచాం, సర్వీసుకి వెళ్లే ముందు మళ్లీ ఎక్కించేస్తాం, ఎవరికీ తెలియదు అంటారు. చాలా ఈసీయూలలో ఎన్నిసార్లు రాశారన్న లెక్క నిలిచి ఉంటుంది. సర్వీస్ సెంటర్ లెక్కతో అది సరిపోకపోతే దొరికిపోతారు. ఇంకోటి. సర్వీసులో వాళ్లు కంపెనీ పంపిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే మీరు డబ్బుపోసి చేయించుకున్న రీమ్యాప్ అక్కడికక్కడే చెరిగిపోతుంది.

కారు ఎంత కొత్తదైతే ఈ పని అంత కష్టం. ఇప్పటి ఈసీయూలు చాలావరకు కంపెనీ డిజిటల్ సంతకం లేని ఫైలుని ఒప్పుకోవు. ఐరోపాలో 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే కార్లకి సైబర్ భద్రత నిబంధనలు తప్పనిసరి అయ్యాయి. కాబట్టి కొన్ని కొత్త కార్లలో స్టీరింగ్ కింది సాకెట్ నుంచి రాయడం కుదరదు. ఈసీయూని ఊడదీసి, బల్ల మీద పెట్టి, అవసరమైతే మూత కోసి రాస్తారు. ఆ మూతని కంపెనీ నీళ్లు దూరకుండా అతికించి ఉంటుంది. తిరిగి అతికించడం సరిగా కుదరకపోతే మొదటి ముసురుకే లోపల చెమ్మ చేరుతుంది. అప్పుడు తప్పులు చూపించే లైట్లు ఏ వరసలో వెలుగుతాయో చెప్పలేం.

రెండోది ఇన్సూరెన్స్. బండిలో మార్పు చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. చెప్పకుండా ఉండి, ప్రమాదం జరిగి, మీ బండి నష్టానికి క్లెయిమ్ పెట్టినప్పుడు ఆ సంగతి బయటపడితే, తిరస్కరించడానికి మీరే కారణం అందించినట్టు.

మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని చేర్చారు. "అంకెలు మారిస్తే ఆర్టీవోకి ఎలా తెలుస్తుంది?" అని నవ్వేవాళ్లున్నారు. కొత్త ఆర్‌సీ కార్డు తీసి వెనక వైపు చూడండి. ఇంజన్ సీసీ పక్కన హార్స్‌పవర్ కూడా రాసి ఉంటుంది. మీరు మార్చేది ఆ అంకెనే.

ఇక తక్కువ ఖర్చు మార్గాలని చెప్పి అమ్మే రెండు వస్తువుల గురించి ఒక మాట. ఒకటి, యాక్సిలరేటర్ పెడల్ దగ్గర తగిలించే చిన్న డబ్బా. కొత్త కార్లలో పెడల్‌కి తీగ ఉండదు. అది కూడా ఒక సెన్సరే. ఈ డబ్బా మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కారని ఈసీయూకి చెబుతుంది. బండి దూకినట్టు ఉంటుంది. బలం మాత్రం ఇసుమంత కూడా పెరగదు. కాలు ఇంకాస్త తొక్కితే అదే ఫలితం ఉచితంగా వస్తుంది.

రెండోది ట్యూనింగ్ బాక్సు. ఇది ఈసీయూలో ఏమీ రాయదు. సెన్సర్ పంపే కబురుని మధ్యలో మార్చి పంపుతుంది. డీజిల్ ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువ ఉందని ఈసీయూకి చెబుతుంది. అది నమ్మి ఒత్తిడి పెంచుతుంది. దీంతో బలం నిజంగానే పెరుగుతుంది. అయితే డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజ్‌ని ఇక నమ్మకండి. తను ఎంత డీజిల్ చిమ్మిందో ఈసీయూకే తప్పు లెక్క తెలుసు. "బాక్సు పెట్టాక మైలేజ్ కూడా పెరిగింది" అని డ్యాష్‌బోర్డు ఫోటో చూపించేవాళ్ల సంబరం వెనక ఉన్న రహస్యం చాలాసార్లు ఇదే. ఫుల్ ట్యాంక్ కొట్టించి, నడిపి, మళ్లీ ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్కకట్టండి. అప్పుడు తెలుస్తుంది.

మరి రీమ్యాప్ పూర్తిగా తప్పేనా? ఆ విద్య తెలిసినవాళ్లు ఉన్నారు. కోయంబత్తూరు, చెన్నై రేసు ట్రాకుల చుట్టూ పెరిగిన ట్యూనింగ్ పనితనం చిన్నది కాదు. రోడ్డు మీదికి రాకుండా ట్రాక్ మీదే నడిచే బండి సంగతి వేరు. అక్కడ ఇంజన్ పోతే తనే పోగొట్టుకున్నానని యజమానికి తెలుసు. నేను మాట్లాడుతున్నది బ్యాంకు లోనుతో కొన్న కొత్త కారు గురించి. పొద్దున ఆఫీసుకీ, సెలవుల్లో తిరుమల ఘాట్ రోడ్డుకీ, కుటుంబంతో వెళ్లే కారు గురించి.

ఇంతా విని, అయినా చేయించుకుంటాననేవాళ్లు ఉంటారు. వాళ్లు కనీసం నాలుగు ప్రశ్నలు అడగాలి. ఒకటి, మీరు ఎక్కించే ఫైలు నా కారు మీద నడిపి చూసి రాసిందా, లేక ఎక్కడిదో తెచ్చి అందరికీ ఒకటే ఎక్కిస్తున్నారా? రెండు, బండిని రోలర్ల మీద పెట్టి ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది నా కళ్లెదుట చూపిస్తారా? మూడు, నా గేర్‌బాక్సు హద్దు ఎంత, మీరు ఎంత దగ్గర ఆపుతున్నారు? నాలుగు, పొగ అదుపు చేసే సామాను దేన్నయినా ఆఫ్ చేస్తున్నారా? నాలుగో ప్రశ్నకి అవునని జవాబొస్తే వెంటనే తాళాలు తీసుకుని వచ్చేయండి. మిగతా మూడింటికి తడుముకుంటే కూడా వచ్చేయండి.

చాలామందికి రీమ్యాప్ అవసరమే ఉండదు. బండి లాగడం లేదనిపిస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండలో పట్టి చూడండి. టైర్లలో గాలి చూడండి. స్పార్క్ ప్లగ్గులు మార్చే సమయం దాటిందేమో చూడండి. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా విడుదల చేసిందా అని సర్వీస్ సెంటర్‌లో అడగండి. అది చట్టబద్ధమైన రీమ్యాపే, వారంటీ చెక్కుచెదరదు. మీ కారులో స్పోర్ట్ మోడ్ ఉంటే ఒక వారం అందులో నడపండి. కంపెనీ వాళ్లే పరీక్షించి ఇచ్చిన ఇంకో రకం అంకెలవి. అవి ఎండనీ, గేర్‌బాక్సునీ, పొగనీ లెక్కలో పెట్టుకునే రాశారు. ఇంకా కారు కొననివాళ్లయితే, షోరూములో పెద్ద ఇంజన్ రకాన్ని కూడా నడిపి చూడండి. పికప్ మీద మోజున్నవాళ్లు దానికి కొనే రోజునే డబ్బు కట్టడం మేలు.

ఈ మాటలు విన్నాక ఒక పని చేయండి. కారు డ్యాష్‌బోర్డు అరలో వారంటీ పుస్తకం ఉంటుంది. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరవరు. తీసి, మార్పుల గురించి ఏం రాశారో చదవండి. ఇన్సూరెన్స్ పాలసీలో అదే చూడండి. ఇంట్లో రీమ్యాప్ మాట ఎత్తిన వాళ్లుంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఆ తర్వాత ఏ నిర్ణయం తీసుకున్నా, దేనికి ఎంత మూల్యం చెల్లిస్తున్నారో తెలిసి తీసుకున్నట్టవుతుంది.